పాత కట్టడాన్ని ఎవరి చేతిలో పెట్టాలి? బాగుచేసే భాగస్వామిని పరీక్షించే పద్ధతి

మీ ఊళ్లో ఒక పాత టౌన్‌హాలు ఉందనుకోండి. తాలూకా కచేరీ కావచ్చు, నిజాం కాలం నాటి బడి కావచ్చు, వందేళ్ల గ్రంథాలయం కావచ్చు. వానొస్తే కప్పు కారుతోంది. పిట్టగోడలో రావి మొక్క మొలిచి వేళ్లు లోపలికి దిగాయి. పడగొట్టి కాంప్లెక్స్ కడదామని కొందరు, ముట్టుకోవద్దని కొందరు. సరిగ్గా అప్పుడే ఒక సంస్థ వచ్చి, "ఖర్చంతా మాది. బాగుచేసి ముప్పై ఏళ్లు మేమే నడుపుతాం" అంటుంది. అందమైన బొమ్మలతో ప్రజెంటేషన్ చూపిస్తుంది. గదిలో ఉన్న వాళ్లందరికీ ప్రాణం లేచొస్తుంది.

ఆ రోజు మీరు ఆ గదిలో కౌన్సిలరుగానో, ఇంజినీరుగానో, పూర్వ విద్యార్థుల సంఘం తరఫునో కూర్చుని ఉంటే ఏం అడగాలి, ఏం చూడాలి అన్నది రాస్తున్నాను. నేను మునిసిపల్ ఇంజినీరింగ్ విభాగంలో పాతికేళ్లకు పైగా పనిచేశాను. ఇలాంటి ఎంపిక కమిటీల్లో నాలుగుసార్లు కూర్చున్నాను. మొదటిసారి తప్పు చేశాం. అందులో నా సంతకం కూడా ఉంది కాబట్టి ముందు ఆ సంగతి చెబుతాను.

అది 1920ల నాటి పఠనశాల. ఇటుక గోడలు, సున్నపు గచ్చు, టేకు దూలాల మీద ఇటుకలు నిలువుగా పేర్చి సున్నంతో పోసిన మద్రాస్ టెర్రస్ కప్పు. టెండరు పిలిచి, అందరికంటే తక్కువ కోట్ చేసిన వాళ్లకు పని ఇచ్చాం. వాళ్లు పాత గచ్చంతా గీకేసి సిమెంటు ప్లాస్టరింగ్ చేశారు, పైన మెరిసే ఎమల్షన్ వేశారు. ప్రారంభం రోజున అందరూ మెచ్చుకున్నారు. రెండో వానాకాలానికి గోడలు మోకాలెత్తు దాకా చెమ్మగిల్లాయి. పెయింట్ బొబ్బలెక్కింది, అలమారాల వెనక పుస్తకాలకు బూజు పట్టింది. మూడో ఏడు గోడలో కూర్చున్న దూలాల చివర్లు పొడిపొడిగా రాలాయి.

కారణం ఏమిటంటే, పాత ఇటుక గోడ నేలలోంచి చెమ్మ పీలుస్తుంది. సున్నపు గచ్చు ఉన్నంతకాలం ఆ చెమ్మ బయటికి ఆరిపోతుంది. దాని మీద సిమెంటు పొర కడితే చెమ్మకు దారి మూసుకుపోయి పైపైకి పాకుతుంది, తనతో పాటు ఉప్పును కూడా తీసుకెళ్తుంది. పైగా సిమెంటు పాత ఇటుక కంటే గట్టిది. ఊడేటప్పుడు ఇటుక ముఖాన్ని కూడా లాక్కుని ఊడుతుంది. ఈ తప్పు మనమొక్కరమే చేసింది కాదు. ఢిల్లీలో హుమాయూన్ సమాధి కప్పు మీద తర్వాతి కాలంలో పోసిన సిమెంటు కాంక్రీటు సుమారు పది లక్షల కిలోలు ఉంటే, పాత కట్టడాలు బాగుచేసే ఆగా ఖాన్ ట్రస్టు వాళ్లు దాన్ని మనుషుల చేత తీయించాల్సి వచ్చింది. కాబట్టి భాగస్వామిని ఎంచుకోవడమంటే ముందు చూడాల్సింది డబ్బున్నవాణ్ణి కాదు, మీ గోడ ఎలా బతుకుతోందో అర్థం చేసుకునే మనిషిని.

1. ముందు మీ కట్టడం సంగతి మీరు తెలుసుకోండి

పత్రికలో ప్రకటన ఇవ్వడానికి ముందు చేయాల్సిన పని ఇది. చాలా ఊళ్లలో దీన్నే వదిలేస్తారు. మీ కట్టడం గురించి మీకంటే ఎదుటివాళ్లకు ఎక్కువ తెలిస్తే, వాళ్లు చెప్పిందే ఎస్టిమేట్ అవుతుంది.

మొదట కాగితాలు. భూమి ఎవరి పేరున ఉంది? మునిసిపాలిటీదా, రెవెన్యూదా, వక్ఫ్‌దా, దేవాదాయ శాఖదా, ఏదైనా ట్రస్టుకు దానమిచ్చిందా? దానపత్రం ఉంటే వెతికించండి. "గ్రంథాలయం కోసం మాత్రమే" అని అందులో రాసి ఉంటే హోటలుకు ఇవ్వడం కుదరదు. తర్వాత రక్షణ స్థాయి. కేంద్ర పురావస్తు శాఖ రక్షిత కట్టడమైతే 1958 నాటి చట్టం వర్తిస్తుంది. అప్పుడు చుట్టూ 100 మీటర్లు నిషేధిత ప్రాంతం, ఆపైన 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. రాష్ట్ర రక్షిత కట్టడమైతే ఆంధ్రప్రదేశ్‌లో 1960 చట్టం, తెలంగాణలో 2017 హెరిటేజ్ చట్టం చూసుకోవాలి. మీ కట్టడం రక్షితం కాకపోయినా, దాని పక్కన రక్షిత కట్టడం ఉంటే ఆ దూరాల లెక్క మీకూ వర్తిస్తుంది. హైదరాబాద్‌లో ఇర్రం మంజిల్ అనే పాత ప్యాలెస్ విషయం గుర్తుంచుకోండి. కొత్త శాసనసభ భవనం కోసం దాన్ని కూల్చాలని మంత్రివర్గం తీసుకున్న నిర్ణయాన్నే హైకోర్టు 2019లో కొట్టేసింది. కాగితాలు చూడకుండా ఒప్పందం చేసుకుంటే మధ్యలో పని ఆగిపోయేది మీకే.

ఆ తర్వాత కట్టడం చుట్టూ నడవండి. ఒక చిన్న చెక్క సుత్తి పట్టుకుని గచ్చు మీద మెల్లగా తట్టండి. గట్టిగా పట్టి ఉన్నచోట చప్పుడు మొద్దుగా వస్తుంది. గోడను వదిలేసిన చోట ఖాళీ డబ్బా మీద కొట్టినట్టు డొల్లగా వినిపిస్తుంది. ఆ డొల్ల భాగాలను సుద్దముక్కతో గీసి ఫోటో తీయించండి. గోడకు పెద్ద పగులు ఉంటే, దానికి అడ్డంగా సన్నని గాజు ముక్క పెట్టి రెండు చివర్లూ అంటించి తేదీ రాయండి. కొన్ని నెలల తర్వాత గాజు పగిలితే గోడ ఇంకా కదులుతోందని అర్థం. పగలకపోతే అది పాత పగులు. ఈ ఒక్క పరీక్షతో పునాది పని పేరు చెప్పి ఎస్టిమేట్‌లోకి దూరే లక్షలు మిగులుతాయి.

కొలతలతో డ్రాయింగులు గీయించండి. దగ్గర్లోని ఆర్కిటెక్చర్ కాలేజీని అడిగితే విద్యార్థులు ఉత్సాహంగా వస్తారు. వారసత్వ కట్టడాల రక్షణకు పనిచేసే జాతీయ సంస్థ ఇంటాక్‌కు మీ దగ్గర స్థానిక చాప్టర్ ఉంటే వాళ్లనూ పిలవండి. పాత సున్నం నమూనా తీసి అందులో సున్నమెంత, ఇసుకెంత అని ల్యాబ్‌లో తేల్చుకోవడం మంచిది. దీనికయ్యే ఖర్చు మొత్తం పనిలో చాలా చిన్నది. వెనకాడకండి.

2. మీకు కావాల్సింది ఎలాంటి భాగస్వామి?

"భాగస్వామి" అనే ఒక్క మాటలో నలుగురు వేర్వేరు మనుషులున్నారు. వాళ్లను కలిపేసి ఒకే కొలబద్దతో కొలిస్తే పొరపాటు ఖాయం.

ఒకరు డబ్బిచ్చేవాళ్లు. 2013 కంపెనీల చట్టం కింద పెద్ద కంపెనీలు మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు చేయాలి. చారిత్రక కట్టడాల పునరుద్ధరణ ఆ జాబితాలో ఉంది. వీళ్లను మీరు అడగాల్సింది ఒక్కటే: డబ్బు ఏ విడతల్లో, ఏ షరతులతో వస్తుంది? ఏడాది చివర్లో మార్చి నెలలోపు ఖర్చైపోవాలని తొందరపెట్టే కంపెనీతో సున్నం పని చేయించడం చాలా కష్టం.

రెండోవారు పనిచేసేవాళ్లు, అంటే పాత కట్టడాలు బాగుచేసే కాంట్రాక్టరు. మూడోవారు డబ్బూ నైపుణ్యమూ రెండూ తెచ్చే లాభాపేక్ష లేని సంస్థ. కుతుబ్‌షాహీ సమాధుల దగ్గర ఆగా ఖాన్ ట్రస్టు ఫర్ కల్చర్ 2013లో రాష్ట్ర పురావస్తు శాఖతో ఒప్పందం చేసుకుని, దశాబ్దానికి పైగా పనిచేసి 2024లో ముగించింది. ఇలాంటి సంస్థ దొరికితే అదృష్టమే. కాకపోతే వాళ్ల తీరికను బట్టి మీరు ఆగాలి. నాలుగోవారు డెవలపర్, అంటే సొంత డబ్బు పెట్టి బాగుచేసి, లీజు కాలంలో నడుపుకుంటూ వెనక్కి రాబట్టుకునేవాళ్లు. అందరికంటే జాగ్రత్తగా చూడాల్సింది వీళ్లనే. కిందివన్నీ ఎక్కువగా వీళ్ల కోసమే రాస్తున్నాను.

దత్తత పథకం మరో దారి. కేంద్రం 2017లో మొదలుపెట్టిన "అడాప్ట్ ఎ హెరిటేజ్" కింద 2018లో దాల్మియా భారత్ సంస్థ ఢిల్లీ ఎర్రకోటతో పాటు మన గండికోటను కూడా తీసుకుంది. అప్పుడు దేశమంతా "ఎర్రకోటను అమ్మేశారా" అని గొడవ లేచింది. నిజానికి ఆ పథకం సందర్శకుల సౌకర్యాల కోసం. కానీ ఒప్పందంలో ఏముందో జనానికి ముందే చెప్పకపోతే మంచి పని మీద కూడా అనుమానం వస్తుంది. మీ ఒప్పందం ముసాయిదాను సంతకానికి ముందే నోటీసు బోర్డులో, మునిసిపల్ వెబ్‌సైట్‌లో పెట్టండి.

3. పిలుపు ఎలా రాయాలి

మామూలు టెండరులో తక్కువ కోట్ చేసినవాడికి పని వెళ్తుంది. రోడ్డుకు, కాలువకు అది సరిపోతుంది. పాత కట్టడానికి సరిపోదని నా పఠనశాల నేర్పింది. నాణ్యతకూ ధరకూ కలిపి మార్కులు వేసే పద్ధతి కోరండి. కేంద్ర ప్రభుత్వ కొనుగోళ్లకు ఆర్థిక శాఖ 2021లో ఇచ్చిన మార్గదర్శకాల్లో, నాణ్యత ముఖ్యమని అధికారికంగా ప్రకటించిన పనులకు 30 శాతం దాకా నాణ్యత మార్కులు పెట్టుకోవచ్చని ఉంది. మీ రాష్ట్రంలో, మీ శాఖలో ఏ జీవో వర్తిస్తుందో ఆడిట్ వాళ్లతో ముందే కూర్చుని తేల్చుకోండి. పని అయ్యాక ఆడిట్ అభ్యంతరం వస్తే ఆ టెన్షన్ మామూలుగా ఉండదు.

పిలుపు పత్రంలో టర్నోవర్ గురించి పేజీలు రాసి, అనుభవం గురించి "సారూప్య పనులు" అని రెండు మాటలతో సరిపెట్టే అలవాటు మనకుంది. అలా రాస్తే అపార్ట్‌మెంట్లు కట్టినవాళ్లు కూడా అర్హులవుతారు. "సున్నపు మోర్టారుతో కట్టిన, కనీసం 75 ఏళ్ల వయసున్న కట్టడాన్ని బాగుచేసి, పని ముగిసి మూడు వానాకాలాలు దాటినవి కనీసం రెండు" అని స్పష్టంగా రాయండి. వయసు, సంఖ్య మీ కట్టడాన్ని బట్టి మార్చుకోండి. మూడు వానాకాలాల మాట మాత్రం తీసేయకండి.

4. వాళ్లు చేసిన పని వెళ్లి చూడండి

నాణ్యత మార్కుల్లో నూటికి నలభై నేను దీనికే వేస్తాను. ప్రజెంటేషన్‌కు పది చాలు.

దరఖాస్తుదారు చెప్పిన రోజున, వాళ్ల కారులో వెళ్లకండి. వానలు పడ్డాక, ఆగస్టులోనో అక్టోబరులోనో, ముందు చెప్పకుండా వెళ్లండి. ముందు గుమ్మం వైపు చూడకుండా నేరుగా వెనక్కి, వంటగది, మరుగుదొడ్ల వైపుకు నడవండి. నీళ్ల పైపులు గోడలోకి దిగే చోట చూడండి. నేల నుంచి మూడడుగుల ఎత్తు వరకు గోడను అరచేత్తో తడమండి. తెల్లటి ఉప్పు పొడిలా చేతికి అంటితే, గోడ లోపల చెమ్మ చిక్కుకుని ఉందని అర్థం. పెయింట్ పొక్కుల అంచు దగ్గర గోరుతో కొంచెం గీకి చూడండి. లోపల బూడిద రంగు కనిపిస్తే సిమెంటు. తెలుపులోనో లేత పసుపులోనో ఉండి మెత్తగా రాలితే సున్నం.

ఒకసారి ఇలాగే రెండు జిల్లాల అవతల ఉన్న పాత అతిథిగృహం చూడటానికి వెళ్లాం. ముందుభాగం మెరిసిపోతోంది. వాచ్‌మన్ పెద్దాయన టీ తెప్పించాడు. "ఏం పెదనాన్నా, వానకు ఎలా ఉంటుంది?" అని అడిగాను. ఆయన ఏమీ మాట్లాడకుండా తాళాల గుత్తి తీసుకుని మేడ మీద ఒక గది తెరిచాడు. నేలంతా బకెట్లు, ప్లాస్టిక్ టబ్బులు. "సార్లు వచ్చినప్పుడు ఈ గది చూపించరు బాబూ" అన్నాడు. ఆ సంస్థ దరఖాస్తులో ఆ భవనం ఫోటోలు పన్నెండున్నాయి. ఒక్కటీ ఆ గదిది కాదు. అప్పటి నుంచి ఎక్కడికి వెళ్లినా ముందు వాచ్‌మన్‌తో, ఊడ్చే అమ్మతో, ఎలక్ట్రీషియన్‌తో మాట్లాడతాను. మేనేజరు దగ్గరికి చివర్లో వెళ్తాను.

కిటికీలు తెరిచి మూయండి. పాత టేకు తలుపులు తీసేసి కొత్తవి పెట్టారా, లేక పాడైన ముక్క మేరకే కోసి కొత్త చెక్క అతికారా? రెండోది కనిపిస్తే ఆ పని చేయించిన మనిషికి ఓపిక ఉందని గుర్తుపెట్టుకోండి. పాత నల్లరాతి మెట్లను గ్రానైట్ పలకలతో కప్పేశారా? కరెంటు వైర్ల కోసం గోడను లోతుగా చెక్కేశారా, లేక పైన కనిపించేలా పైపుల్లో తీసుకెళ్లారా? ఏసీ డబ్బాలు ఎక్కడ వేలాడుతున్నాయి? కప్పు ఎక్కి నీళ్లు పోయే గొట్టాల మూతులు శుభ్రంగా ఉన్నాయో లేదో చూడండి. నిర్వహణ ఎలా ఉందో చెప్పడానికి అంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

మీ కమిటీ సభ్యుల కళ్లకు తర్ఫీదు కావాలంటే ముందు కొన్ని మంచి పనులు చూపించండి. హైదరాబాద్‌లో 1935 నాటి మొజంజాహి మార్కెట్‌ను బాగుచేసి 2020 ఆగస్టులో మళ్లీ తెరిచారు. రాతి గోడల వెంబడి నడుస్తూ ఒక పూట గడపండి. గోల్కొండ మెట్లబావులకు యునెస్కో ఆసియా-పసిఫిక్ పురస్కారాల్లో 2022లో డిస్టింక్షన్ వచ్చింది. అదే ఏడు కామారెడ్డి జిల్లా దోమకొండ కోటకు మెరిట్ పురస్కారం వచ్చింది. ఈ రెండూ చూసొచ్చాక, ప్రజెంటేషన్‌లో తళతళలాడే బొమ్మలు చూసి మీ సభ్యులు అంత తేలిగ్గా మురిసిపోరు.

5. పనిలోకి దిగేది ఎవరు?

పెద్ద సంస్థ పేరు చూసి సంతకం పెట్టాక, పనిలోకి సబ్-కాంట్రాక్టరుకు సబ్-కాంట్రాక్టరు దిగడం మనకు కొత్తేమీ కాదు. అందుకే మనుషుల పేర్లు అడగండి. కన్జర్వేషన్ ఆర్కిటెక్ట్ (పాత కట్టడాల పరిరక్షణ తెలిసిన ఆర్కిటెక్ట్) ఎవరు, నెలకు ఎన్ని రోజులు సైటులో ఉంటారు? స్ట్రక్చరల్ ఇంజినీరుకు పాత కట్టడాల అనుభవం ఉందా, లేక ప్రతిదానికీ చుట్టూ కాంక్రీటు పొర పోసి జాకెట్ వేద్దామంటారా? మేస్త్రి ఎవరు? ఇంటర్వ్యూకు మేస్త్రి కూడా రావాలని పిలుపులోనే రాయండి. నేను చెబితే మొదట్లో మా కమిషనరు ఆశ్చర్యపోయారు. తర్వాత ఆయనే పట్టుబట్టి అడిగించడం మొదలుపెట్టారు.

తుది జాబితాలో మిగిలిన ఇద్దరు ముగ్గురికి మీ కట్టడం వెనక గోడ మీద తలా ఒక చదరపు మీటరు ఇచ్చి గచ్చు వేయమనండి. దానికి కూలీ, సామాను మీరే ఇవ్వండి. ఇది నాకు తెలిసిన అన్నింటిలోకి నమ్మకమైన పరీక్ష.

మేం అలా చేసినప్పుడు ఒక జట్టు వచ్చి సంచిలో సున్నం పొడి తెచ్చి, అరగంటలో కలిపి, మధ్యాహ్నానికి పూసి వెళ్లిపోయింది. సున్నంలో తెల్ల సిమెంటు కలిపారని ఎండాక రంగు చూసి తెలిసింది. ఇంకో జట్టులో అరవై ఏళ్లు దాటిన మేస్త్రి ఉన్నాడు. ఆయన మొదట గోడ తడిమాడు, పాత గచ్చు ముక్క ఒకటి తీసి వేళ్లతో నలిపి చూశాడు. "ఇసుక ఏ ఏటిది సార్?" అని అడిగాడు. పది రోజులు టైం కావాలన్నాడు. తొట్టిలో నానబెట్టిన సున్నం తెచ్చాడు, కరక్కాయలు దంచి బెల్లంతో కలిపి నీళ్లలో ఊరబెట్టాడు. సున్నం నూరే గానుగ లేదు కాబట్టి ఇద్దరు మనుషుల చేత రోట్లో దంచించాడు. పూసిన తర్వాత తడి గోనెపట్టా కప్పి, ఎండ తగలకుండా చూసుకొమ్మని మా అటెండరుకు అప్పజెప్పి వెళ్లాడు. రెండు నెలల తర్వాత సుత్తితో తడితే ఆయన గచ్చు మొద్దుగా పలికింది. మొదటి జట్టుది అంచుల్లో అప్పటికే వెంట్రుకంత పగుళ్లిచ్చింది.

ఆ మేస్త్రి దగ్గర పనిచేసే కుర్రాళ్లు ఎవరైనా ఉన్నారా, వాళ్లకు పని నేర్పుతున్నారా అని కూడా అడగండి. మీ ఊరి తాపీ మేస్త్రీలు నలుగురికైనా పని నేర్పాలని షరతు పెడితే, భాగస్వామి వెళ్లిపోయాక చిన్న చిన్న మరమ్మతులకు మీరు దిక్కులు చూడాల్సిన పని ఉండదు.

6. డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో రోజుల్లో లెక్కేయండి

డెవలపర్ ఎక్కువ అద్దె ఇస్తానంటే అందరికీ సంతోషమే. కానీ ఆ అద్దె ఎక్కడి నుంచి వస్తుంది? ఒక ఉదాహరణ చూడండి. నెలకు 3 లక్షలు మునిసిపాలిటీకి ఇస్తానన్నాడనుకుందాం. ఏడాదికి 36 లక్షలు. సిబ్బంది, కరెంటు, మరమ్మతులకు ఇంకో 30 లక్షలు, పెట్టిన పెట్టుబడి మీద వడ్డీ, కిస్తీలకు 54 లక్షలు అనుకోండి. మొత్తం కోటీ 20 లక్షలు రావాలి. హాలు అద్దె రోజుకు లక్ష అనుకుంటే 120 ఫంక్షన్లు కావాలి. మన దగ్గర పెళ్లిళ్లు ముహూర్తాల రోజుల్లోనే ఉంటాయి, ఆషాఢంలో, మూఢంలో ఉండవు. 120 నిండాలంటే ఆదివారాలు, పండగ సెలవులు, మంచి రోజులు అన్నీ వాళ్లకే పోవాలి. నాటక సమాజం వాళ్లు, బడి పిల్లల వార్షికోత్సవం, సాహిత్య సభలు ఎప్పుడు పెట్టుకోవాలి? మూఢంలోనా?

అది నిండకపోతే వాళ్లేం చేస్తారో కూడా ఊహించండి. పక్కన రేకుల షెడ్డు వేసి భోజనాల హాలంటారు. వరండాకు అద్దాలు బిగించి ఏసీ పెడతారు. పెరట్లో జనరేటరు, పందిరి కోసం రాతి నేలలో మేకులు. టౌన్‌హాలు మెల్లగా ఫంక్షన్ హాలు అయిపోతుంది. అందుకే అద్దె ఎక్కువిచ్చేవాడికి ఎక్కువ మార్కులు వేసే పద్ధతి నాకు నచ్చదు. అద్దె తక్కువైనా సరే, ఏడాదిలో ఇన్ని రోజులు ప్రజల కార్యక్రమాలకు నామమాత్రపు రుసుముతో ఇస్తాను, మరమ్మతుల కోసం ఏటా ఇంత విడిగా బ్యాంకులో వేస్తాను అనేవాళ్లే మేలు.

గత మూడేళ్ల ఆడిట్ లెక్కలు, అప్పులు, కోర్టు కేసులు, ఇతర మునిసిపాలిటీలకు బకాయిలు ఇవన్నీ చార్టర్డ్ అకౌంటెంట్ చూసుకుంటారు. మీరు మాత్రం ఒకటి అడగండి: పని మధ్యలో ఖర్చు పెరిగితే ఆ డబ్బు ఎక్కడిది? పాత కప్పు తెరిస్తే లోపల ఏముంటుందో ఎవరికీ తెలియదు, ఖర్చు పెరగడం మామూలే. "పెరగదండీ" అన్నవాళ్లకు మార్కులు తగ్గించండి.

7. ఇప్పుడు అక్కడున్న వాళ్లు ఏమవుతారు?

పాత కట్టడం ఖాళీగా ఉందని అనుకుంటాం గానీ, అందులో ఎవరో ఒకరు ఉంటూనే ఉంటారు. పొద్దున్నే పేపరు చదివే రిటైర్డు మాస్టార్లు, పోటీ పరీక్షలకు చదువుకునే పిల్లలు, వరండాలో కుట్టుమిషన్ పెట్టుకున్న దర్జీ, గేటు పక్కన టీ బండి. మొజంజాహి మార్కెట్ దగ్గర నాకు నచ్చింది ఇదే. కట్టడం బాగుపడ్డాక కూడా అది మార్కెట్‌గానే ఉంది, పాత ఐస్‌క్రీం దుకాణాలు అక్కడే ఉన్నాయి. బన్సీలాల్‌పేట మెట్లబావి 2022 డిసెంబరులో తిరిగి తెరిచే దాకా సాగిన పనిలో జీహెచ్‌ఎంసీ, ది రెయిన్‌వాటర్ ప్రాజెక్ట్ సంస్థలతో పాటు ఆ బస్తీ వాళ్లు కూడా ఉన్నారు. చుట్టుపక్కల వాళ్లు తమదనుకోని కట్టడం మళ్లీ చెత్తకుండీ కావడానికి ఎన్నో ఏళ్లు పట్టదు.

దరఖాస్తుదారులందరినీ ఒక సాయంత్రం కట్టడం ఆవరణలోనే కూర్చోబెట్టి, వాడుకరులతో మాట్లాడించండి. ఎవరు వింటున్నారు, ఎవరు ఫోను చూసుకుంటున్నారు అన్నది గమనించండి. దర్జీకి పని జరిగే రెండేళ్లు చోటెక్కడ చూపిస్తారో కాగితం మీద రాయమనండి.

8. ఒప్పందంలో తప్పకుండా ఉండాల్సినవి

న్యాయవాది రాసే యాభై పేజీలు ఎలాగూ ఉంటాయి. వాటిలో ఇవి ఉన్నాయో లేదో మీరే స్వయంగా చదివి చూడండి.

ముట్టుకోకూడని వాటి జాబితా ఫోటోలతో సహా ఉండాలి: ఫలానా మెట్లు, ఫలానా తలుపులు, శిలాఫలకం, గడియారం. తీసిన పాత చెక్క, పెంకు, రాయి అన్నీ మీ ఆస్తి. లెక్క రాసి, గదిలో పెట్టి తాళం వేయాలి. పాత టేకు మాయం కావడం నేను కళ్లారా చూశాను. కొత్తగా ఏది చేర్చినా రేపు తీసేస్తే పాత గోడకు దెబ్బ తగలని విధంగా చేర్చాలి.

బిల్లుల విషయంలో ఒక మాట. కొలతల పుస్తకంలో చదరపు మీటర్ల లెక్కన డబ్బిస్తే, ఎక్కువ గీకి ఎక్కువ పూసినవాడికి లాభం. పాత గచ్చు గట్టిగా ఉన్నచోట వదిలేసిన మేస్త్రికి నష్టం. కాబట్టి ఎంత కాపాడారో దానికి కూడా చెల్లింపు ఉండాలి. గట్టిపరిచి నిలబెట్టిన పాత గచ్చుకు విడిగా రేటు రాయండి.

పని ముగిశాక లోపాల బాధ్యత కాలం, అంటే లోపం బయటపడితే వాళ్లే సొంత ఖర్చుతో సరిచేయాల్సిన కాలం, మూడు వానాకాలాలు దాటాలి. అప్పటిదాకా బ్యాంకు గ్యారంటీలో కొంత మీ దగ్గరే ఉండాలి. మీ తరఫున విడిగా ఒక కన్జర్వేషన్ ఆర్కిటెక్టును పెట్టుకోండి. భాగస్వామి పెట్టిన ఆర్కిటెక్టే పని బాగుందని సర్టిఫికెట్ ఇచ్చే ఏర్పాటు వద్దు. లీజు హక్కును బ్యాంకులో తాకట్టు పెట్టడం, మీ అనుమతి లేకుండా ఇంకొకరికి సబ్-లీజుకివ్వడం కుదరదని రాయండి. వాళ్లు మధ్యలో వెళ్లిపోతే ఎన్ని రోజుల్లో తాళాలు మీ చేతికి రావాలో, సగం తెరిచిన కప్పును టార్పాలిన్‌తో ఎవరు కప్పాలో కూడా రాసుకోవాలి. ప్రతి దశలో తీసిన ఫోటోలు, డ్రాయింగులు, సున్నం పాళ్లు ఒక కాపీ మునిసిపాలిటీకి, ఒక కాపీ ఊరి గ్రంథాలయానికి ఇవ్వాలి. యాభై ఏళ్ల తర్వాత మళ్లీ బాగుచేసేవాళ్లకు అవి కావాలి.

సంతకాలు అయ్యాక మొదటి నెలలో ఎవరినీ ఉలి పట్టనివ్వకండి. ముందు కప్పు మీది చెత్త తీయించండి, నీళ్ల గొట్టాలు శుభ్రం చేయించండి, రావి మొక్కను వేరుతో సహా తీయించండి, గోడ చుట్టూ నీళ్లు నిలవకుండా కాలువ తవ్వించండి. సగం చెమ్మ వీటితోనే తగ్గుతుంది. ఈ చిన్న పనులను శ్రద్ధగా చేసిందా లేదా అన్నది చూస్తే, మీరు ఎంచుకున్న సంస్థ మిగతా రెండేళ్లు ఎలా ఉంటుందో చాలావరకు తెలిసిపోతుంది.

మా పఠనశాల ఇంకా అక్కడే ఉంది. పోయిన ఏడాది దాతల డబ్బుతో తూర్పు గోడకు మాత్రం సిమెంటు ఊడదీయించి, ఆ పాత మేస్త్రి శిష్యుల చేత గానుగ సున్నం వేయించాం. ఈ వానలకు వెళ్లి తడిమి చూశాను. తూర్పు గోడ పొడిగా ఉంది, అలమారాలు మళ్లీ గోడ పక్కకు జరిపారు. పడమటి గోడకు ఇంకో తొమ్మిది లక్షలు కావాలి. దాని కోసం తిరుగుతున్నాం.